పిడిలో కూరినవి

"ఈ పిడి తెగితే ఎట్ల వాసవీ? గుడి మెట్ల మీద తెగితే? టెంకాయలు దొర్లి ఎవరి కాలి మీదనన్నా పడితే ఎట్ల?"

పొద్దున్నుంచి సుందరలక్ష్మి ఆ మాట అనడం అది నాలుగోసారి. కూతురు శ్రీవాసవి సంచులను పది పదిగా కట్టలు కట్టి గోనెలో దించుతూ, తలెత్తకుండానే నవ్వింది.

"తెగదు లేమ్మా. ఐదు కిలోల రాళ్ళు పోసి చూస్తిమి గదా."

"రాళ్ళు వేరు, టెంకాయలు వేరు."

"ఏం వేరు? టెంకాయలకు కోపం ఎక్కువా?"

అరుగు మీద సంచి అల్లుతున్న గిడ్డమ్మ పకపకా నవ్వింది. "మీయమ్మకు దిగులు పడకుంటే అన్నం అరగదు పాపా. మొన్న మబ్బు పడితే సంచులు తడుస్తాయని ఒకటే గోల. ప్లాస్టిక్ సంచి తడిస్తే ఏమయితాదమ్మా, జలుబు చేస్తాదా?"

అందరూ నవ్వారు. సుందరలక్ష్మి కూడా నవ్వినట్టు మూతి పెట్టింది. ఆమె ఎంత భయస్థురాలో ఆ సందంతటికీ తెలుసు. బస్సెక్కితే బ్రేకులు, పొయ్యి వెలిగిస్తే సిలిండరు, కూతురు పది నిమిషాలు ఆలస్యమైతే పెద్దాసుపత్రి. ఏ చిన్న సంగతి మొదలైనా ఆమె మనసు ముందుగా పోయి అన్నిటికన్నా చెడ్డ చోట కూర్చునేది. అందుకే ఆమె దిగులును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఈసారి మాత్రం ఆ దిగులుకు ఒక కారణం ఉంది. పిడి తెగితే బయటపడేవి టెంకాయలు మాత్రమే కావు. ఆ సంగతి ఆ అరుగు మీద ఆమె ఒక్కదానికే తెలుసు.

కర్నూలు పాతబస్తీలో, కొండారెడ్డి బురుజుకు వెనకవైపు ఇరుకు సందులో వాళ్ళ ఇల్లు. ఇంటర్ అయిపోయాక వాసవి ఎక్కడో మూడు రోజుల శిక్షణకు పోయి, వాడి పారేసిన పాల ప్యాకెట్లతో సంచులు అల్లడం నేర్చుకొని వచ్చింది. సందులోని ఐదుగురు ఆడవాళ్ళను కలిపి సంఘం పెట్టించింది. ఏడాది తిరిగేసరికి మహానందిలో గుడి ముందర పూజ సామాన్ల అంగడి పెట్టుకున్న వేణుగోపాల్ నెలకు వంద సంచులు అడిగేంతదాకా వచ్చింది పని. భక్తులు టెంకాయలు, పూలు, ప్రసాదం వేసుకుని పోవడానికి వాటిని కొనేవాళ్ళు.

పనిలో ఎవరి వంతు వాళ్ళది. అబీదా బీ పొద్దున్నే టీ అంగళ్ళు, హోటళ్ళు తిరిగి ఖాళీ పాల ప్యాకెట్లు అడిగి తెచ్చేది. సబ్బునీళ్ళలో ఒకసారి, నిమ్మతొక్కలు వేసిన నీళ్ళలో ఒకసారి కడిగి, తీగె మీద ఆరేసి, చనిపోయిన భర్త దర్జీ కత్తెరతో పట్టీలుగా కోసేది. గిడ్డమ్మ, మూలింటి అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ ఆ పట్టీలతో సంచి అల్లేవాళ్ళు. కోయగా మిగిలిన అంచులు, చినుగులు అబీదా ఒక గుడ్డసంచిలో వేసి సుందరలక్ష్మికి ఇచ్చేది. ఆ ముక్కలను ఒత్తిగా కూరి, పైన తెల్ల పట్టీలు బిగించి జడలాగా అల్లితే పిడి అవుతుంది. పిడులన్నీ సుందరలక్ష్మివే. వాటితోపాటు సంఘం పుస్తకం రాయడం కూడా ఆమె పనే. ఏడో తరగతి దాకా చదివింది. అక్షరం గుండ్రంగా ముత్యంలా ఉంటుందని సంఘం ఆఫీసరమ్మ కూడా మెచ్చుకుంది.

ఆ ముత్యాల అక్షరాల మనిషి ఇంట్లో ఒక అటక ఉంది. అటక మీద ఒక తవుడు సంచి ఉంది.

భర్త నాగసుబ్బయ్యకు ఒకప్పుడు సొంత కిరాణా అంగడి. అది మూతపడ్డాక ఆదోనిలో ఒక పత్తి మండీలో గుమాస్తాగా కుదిరాడు. శనివారం సాయంత్రం వస్తాడు, సోమవారం తొలి బస్సుకు పోతాడు. వస్తూ వస్తూ క్యారియరు అడుగు గిన్నెలో కన్నడసీమ నుంచి చాటుగా దిగే సారా ప్యాకెట్లు తెచ్చుకుంటాడు. అరవడు, కొట్టడు, గట్టిగా మాట కూడా అనడు. తాగి గోడవైపు తిరిగి పడుకుంటాడు. అదే ఆమెకు మరీ సిగ్గు. కొట్టే మొగుడైతే నలుగురూ జాలి పడతారు. గోడకు తిరిగి పడుకునే మొగుడి గురించి ఎవరితో ఏమని చెప్పుకోవాలి?

ఆ ఖాళీ ప్యాకెట్లను ఏం చేయాలన్నది నాలుగేళ్ళుగా ఆమెను తినేస్తున్న సమస్య. కసువుతొట్టిలో వేస్తే కుక్కలు లాగుతాయి. కుక్కలు లాగితే సందులో పడతాయి. సందులో పడితే కోమటోళ్ళ వాకిట్లో సారా ప్యాకెట్లని ఊరంతా చెప్పుకుంటుంది. కాలిస్తే కంపు. అందుకని ఒక్కొక్కటీ కడిగి, తన చీర చాటున ఆరబెట్టి, నాలుగు మడతలు పెట్టి ఆ తవుడు సంచిలో దాచేది. కాగితమైనా గుడ్డయినా దేన్నైనా నాలుగు మడతలు పెట్టందే ఆమె చేయి ఊరుకోదు. ప్యాకెట్లు కడగడం ఆ సందులో అబీదాకన్నా ముందు ఆమెకే వచ్చు. ఈ సంగతి వాసవికి తెలుసో తెలియదో ఆమె అడగలేదు, వాసవి చెప్పలేదు. ఆదివారాల్లో తండ్రి పడుకున్న గది దాటేటప్పుడు తల్లీకూతుళ్ళిద్దరూ అడుగులు మెల్లగా వేసేవాళ్ళు, అంతే.

ఉగాది నెలరోజులు ఉందనగా వాసవి అంది: "ఈసారి అటక కూడా దించి సున్నం కొడదామ్మా. ఎన్నేండ్లయిందో."

ఆ మాట విన్నప్పటినుంచి సుందరలక్ష్మికి అన్నం దిగలేదు. మరునాడు పొద్దున్నే తవుడు సంచి చంకన పెట్టుకొని తుంగభద్ర గట్టుకు పోయింది, నీళ్ళలో వదిలేద్దామని. స్నానానికి వచ్చిన చుట్టాలావిడ ఎదురుపడింది.

"ఏం సుందరా, సంచిలో ఏముండాయి?"

"తవుడు వదినా."

"ఏటికాడికి తవుడెందుకే?"

"ఆవుకు."

"మీకు ఆవు యాడిది?"

సుందరలక్ష్మి గిర్రున తిరిగింది. సంచి అట్లాగే చంకన పెట్టుకొని వెనక్కి వచ్చేసింది.

సరిగ్గా ఆ వారమే వేణుగోపాల్ కబురు పంపాడు. ఉగాదికి కన్నడ భక్తులు శ్రీశైలం పోతూ మహానందిలో ఆగుతారు, మామూలు వంద కాక ఇంకో యాభై సంచులు కావాలని. అబీదా ఇచ్చిన చినుగులు సగం పిడులకే అయిపోయాయి. ఒళ్ళో ఖాళీ పిడి, తల మీద నిండు అటక. మధ్యాహ్నం అందరూ కునుకు తీసేవేళ సుందరలక్ష్మి స్టూలు వేసుకొని పైకెక్కింది. రెండు మూడు ప్యాకెట్లను మడతలు మడతలుగానే కూరి, పైన తెల్ల పట్టీ ఊపిరాడకుండా బిగించింది. పిడి ఎంత నున్నగా వచ్చిందో! నాలుగు మధ్యాహ్నాల్లో సంచి సగానికి దిగింది. నాలుగేళ్ళలో మొదటిసారి ఆమె గుండె మీద బరువు తగ్గినట్టయింది. దేవుడి దగ్గరకు పోయే సంచులని ఆమెకు గుర్తులేక కాదు. గుర్తొచ్చిన ప్రతిసారీ చేయి ఇంకా బిగించి అల్లింది.

సంచులు మహానంది పోయిన ఎనిమిదో రోజు, పొద్దు నడినెత్తికి వచ్చే వేళకు సందు మొగలో ఆటో ఆగింది. వేణుగోపాల్ రెండు గోనెలు దింపించి అరుగు ముందర పెట్టాడు. ఎప్పుడూ నవ్వు ముఖంతో ఉండే మనిషి, ఆ రోజు చెప్పులు కూడా విడవలేదు.

"ఏమన్నా, అమ్ముడుపోలేదా?" అంది వాసవి.

"అమ్ముడుపోయినాయి తల్లీ. అదే వచ్చింది తంటా." జేబులోనుంచి కాగితం పొట్లం తీసి అరుగు మీద విప్పాడు. మూడు చిన్న ప్లాస్టిక్ ప్యాకెట్లు. ఎర్ర అక్షరాలు, తెలుగు కాదు. "రాయచూరుకాడ నుంచి వచ్చిన ముసలామె ఒకామె. కోనేటి మెట్లకాడ పిడి తెగింది. టెంకాయలు పోతే పోనీ, పిడిలోనుంచి ఇవి పడె. మనకు కన్నడం సదవను రాదు. ఆమె సదివింది. సారాయి సారాయి అని ఒకటే అరుపు! సంచి యిసిరికొట్టి, మల్లా కోనేట్లో మునిగింది ముసలామె. సంచి పట్టుకున్న చేతికి విభూతి రుద్దుకుంటా ఏడుస్తాంటే నేను యాడ తలకాయ పెట్టుకోవల్ల?"

అతను ఒక గోనె మూతి విప్పి, పిడి కోసిన సంచి ఒకటి తీసి చూపించాడు.

"అంగట్లో ఉండేవి నాలుగు విప్పి చూస్తి. రెండిట్లో ఇవే. పదిమంది చేరినారు. నా అంగడికి సారా సంచుల అంగడని పేరు పెట్టినారప్పుడే." అతను గొంతు తగ్గించాడు. "మీరు మంచోళ్ళు, నాకు తెలుసు. కానీ ఎవరు చేసినారో తేల్చండి. తేల్చి మీ పుస్తకంలో రాసి, ఇంగ కాదని నాకు చూపించండి. అంతదాకా మీ సంచి నా అంగడి గడప తొక్కదు."

ఆటో పోయింది. వాసవి ఆ ప్యాకెట్లకేసి చూస్తూ నిలబడింది. సుందరలక్ష్మి చేతిలో సగం అల్లిన పిడి ఉంది. వేళ్ళు అల్లడం ఆపలేదు. ఆపితే అందరూ చూస్తారనిపించింది.

"పిడిల్లో కూరే ముక్కలు యాడివి?" అంది వాసవి, ఎవరినీ చూడకుండా.

"అబీదా తెచ్చేవే గదా," అంది గిడ్డమ్మ.

అప్పుడే అబీదా బీ తట్ట నడుమున పెట్టుకొని సందులోకి వచ్చింది. ఎండకు ముఖం కంది ఉంది. తట్ట దించి, కొంగుతో మెడ తుడుచుకుంటూ, "ఏందే అందురు బొమ్మల మాదిరి నిలబడినారు?" అని నవ్వబోయింది.

"అబీదత్తా, ఇవి నువ్వు తెచ్చినవేనా?"

అబీదా వంగి చూసింది. కన్నడం ఆమెకూ రాదు. కానీ ఆ ప్యాకెట్టు ఏందో గుర్తుపట్టడానికి చదువు అక్కరలేదు. "యా అల్లా! ఇవి నేనెందుకు తెస్తా? వీటిని ముట్టనన్నా ముట్టను."

"మరి పిడిల్లోకి ఎట్ల వచ్చినాయి?"

మూలింటి అక్క గొణిగింది: "కసువులో ఏరేటప్పుడు ఏది ఏందో ఎవురు చూస్తారు..."

అబీదా చటుక్కున తిరిగింది. "కసువులో ఏరతానా నేను? హోటలు హోటలుకూ పోయి, అన్నా అని అడిగి తెస్తాండా. ఏడాదిగా నేను కడిగిన ప్యాకెట్టు ఒక్కటన్నా వాసనొచ్చిందా చెప్పు?" వాసవి వైపు చూసింది. "పిడి చేసేది అక్క గదా. అక్కను అడుగు, నా సంచిలో ఇట్లాంటివి ఉండినాయేమో."

అందరి కళ్ళూ సుందరలక్ష్మి మీదికి తిరిగాయి. ఆమె ఆ క్షణం గురించి ఎనిమిది రోజులుగా భయపడుతూనే ఉంది. ఎన్ని విధాలుగా జరగవచ్చో అన్ని విధాలుగా ఊహించుకుంది. ఊహించుకున్న ఏ ఒక్క దాంట్లోనూ తన నోటినుంచి ఆ మాట రాలేదు.

"నాకు కండ్లు సరిగా ఆనవు గదా," అంది. "సంచిలో ఏముంటే అవి తీసి కూరుతా. ఏవి ఏందో నాకేం తెలుసు?"

అబీదా వంగి, ముట్టనన్న ప్యాకెట్టును రెండు వేళ్ళతో పట్టుకొని పైకెత్తింది. నాలుగు మడతలు విప్పింది. మళ్ళీ అవే గీతల మీద నాలుగు మడతలు పెట్టి, సుందరలక్ష్మి మోకాలి పక్కన పెట్టింది. కొళాయి దగ్గరికి పోయి చేయి కడుక్కుంది. తట్ట ఉన్నచోటనే ఉంది. గూట్లో పెట్టిన కత్తెర గూట్లోనే ఉంది. వాటిని అట్లాగే వదిలి వెళ్ళిపోయింది.

మరునాడు ప్యాకెట్లకు వాసవే పోయింది. హోటలాయన, "అబీదమ్మ యాడ? ఆమె వస్తేనే ఇస్తాం," అన్నాడట. ఎలాగో నాలుగు తెచ్చి కడిగితే పులిసిన పాల కంపు పోలేదు. తీగె ఖాళీగా ఊగుతోంది. సందులో మాట మాత్రం ఖాళీగా లేదు. అబీదా ఎవరింట్లోనో తాగినోళ్ళ ప్యాకెట్లు ఏరి తెస్తోందని మొదలై, అబీదా అల్లుడే తాగుతాడన్నదాకా పోయింది.

శుక్రవారం గిడ్డమ్మ కొత్త కబురు తెచ్చింది. "షాహనాను అత్తోళ్ళు అడిగినారంట. మీయమ్మ సారా ప్యాకెట్లు ఏరుతాదంట గదా, నిజమేనా అని. మైదుకూరు దాకా ఎవురు మోసినారో ఈ మాట! ఆ బిడ్డ ఫోన్‌లో ఒకటే ఏడుపంట. అబీదా బయటికే రాలే."

షాహనా అబీదా కూతురు. నిరుడే పెళ్ళయి మైదుకూరు పోయింది. పెళ్ళికి ముందు ఈ అరుగు మీద కూర్చొనే వాసవితో కలిసి సంచులు అల్లింది.

సుందరలక్ష్మి లేచి వంటింట్లోకి పోయింది. పోయి ఏం చేయాలో తెలియక, ఉన్న గిన్నెలే మళ్ళీ తోమింది. ఆమె ఇన్నేళ్ళూ భయపడింది బస్సులకు, సిలిండర్లకు, కుక్కలకు. తనకు తాను భయపడాలని ఎవరూ చెప్పలేదు. అబీదా ఇంటికి పోయి చెప్పేద్దామని మూడుసార్లు గడప దాకా వచ్చింది. మూడుసార్లూ ఏదో పని గుర్తొచ్చింది. వాసవి మొహం చూడలేక చెరిగిన పప్పునే మళ్ళీ చెరుగుతూ కూర్చుంది. వాసవి కూడా ఆమె మొహం వైపు చూడడం లేదని ఆమె గమనించలేదు.

ఆదివారం పది గంటలకు సంఘం కూడింది. లోపలి గదిలో నాగసుబ్బయ్య గోడవైపు తిరిగి పడుకొని ఉన్నాడు. అబీదాను పిలవమని పట్టుబట్టింది గిడ్డమ్మే. "మనిషి లేకుండా మనిషి మీద రాయగూడదు. అది అన్యాయం."

అబీదా వచ్చింది. అరుగు ఎక్కలేదు. కింద గడపరాయి మీద కూర్చుంది. "నా కత్తెర కోసరం వచ్చినా. మీరు ఏం రాసుకుంటారో రాసుకోండి," అంది. వాసవి గూట్లోనుంచి కత్తెర తెచ్చి రెండు చేతులతో ఇచ్చింది. అబీదా దాన్ని ఒళ్ళో పెట్టుకుంది.

మూలింటి అక్క గొంతు సవరించింది. "నాకేం పగ లేదు. కానీ వేణన్న రాసియ్యమన్యాడు. రాయకుంటే యాభై సంచులు ఇంట్లో కుళ్ళుతాయి. ఎవురో ఒకరి పేరు రాయల్ల గదా. తీసేస్తున్నామని రాసి, నెల తరవాత మల్లా చేర్చుకుంటే పాయె."

"ఎవురో ఒకరి పేరా?" అంది గిడ్డమ్మ. "సంతలో గొర్రెనా?"

"మరి నువ్వు చెప్పు, ఎవురు పెట్టినారో!"

వాసవి పుస్తకం తెచ్చి తల్లి ముందు పెట్టింది. పెన్ను మూత తీసి ఇచ్చింది. ఇస్తున్నప్పుడు ఆ పిల్ల బొటనవేలికి ఆవగింజంత సిరా చుక్క అంటింది. సుందరలక్ష్మికి అది కనిపించింది. కళ్ళు ఆనని మనిషికి అది కనిపించకూడదు.

ఆమె రాయడం మొదలుపెట్టింది. తేదీ వేసింది. సభ్యులందరూ సుందరలక్ష్మి గారి ఇంటి అరుగు మీద సమావేశమైనారు అని ఎప్పుడూ రాసే వాక్యం రాసింది. మహానందికి పంపిన సంచుల విషయమై, అని రాసింది. తరువాత 'అబీదా బీ' అని రాసి ఆగింది. ఆ పేరు ఆ పుస్తకంలో ఎన్ని పేజీల్లో రాసిందో! అప్పు తీర్చినవారు అబీదా బీ. హాజరైనవారు అబీదా బీ. ప్రతిసారీ ఆ 'బీ'కి గుడి దీర్ఘం చుట్టేటప్పుడు చేయి హాయిగా తిరిగేది. ఇప్పుడు ఆ రెండు మాటల తరువాత ఏం రాసినా అది పుస్తకం ఉన్నంతకాలం ఉంటుంది. తన ముత్యాల అక్షరాలలో ఉంటుంది.

పెన్ను కదిలింది. ఆమె గబగబా రాసింది. తల ఎత్తితే చేయి ఆగిపోతుందేమోనని ఎత్తకుండా రాసి, పుస్తకం మూసేసింది.

"అయిపోయింది. వేలిముద్రలు వెయ్యండి," అంది.

"సదివినాకే ఏలు," అంది గిడ్డమ్మ. మొదటి రోజు నుంచీ అది ఆమె పెట్టిన నియమం. వయసులో ఉన్నప్పుడు ఎవరో చదవని కాగితం మీద ఆమె వేలు వేయించుకొని ఇంటి జాగా రాయించుకున్నారు. అప్పటినుంచి వినని దాని మీద వేలు పెట్టదు.

"వాసవి సదువుతాది."

"రాసినోళ్ళే సదవల్ల. ఎప్పుడూ నువ్వే గదా సదివేది?"

సుందరలక్ష్మి పుస్తకం తెరిచింది. నోటితో చెప్పలేకే కదా రాసింది! ఇప్పుడు అది తిరిగి నోటికే వచ్చింది. బడిలో పంతులు లేపి నిలబెట్టిన పిల్లలాగా, ఒక్కో మాటా విడివిడిగా, గొంతులో ఎత్తుపల్లాలు లేకుండా చదివింది.

"మహానందికి పంపిన సంచుల విషయమై. అబీదా బీ ఏ తప్పు చేయలేదు. పిడులలో సారా ప్యాకెట్లు కూరినది సుందరలక్ష్మి అను నేను. అవి మా ఇంటివి. నాలుగేండ్లుగా అటక మీద దాచినాను. ఇంకా అరసంచి ఉన్నవి. అడిగినప్పుడు నాకు కండ్లు ఆనవని చెప్పినాను. అది అబద్ధము. నా కండ్లు బాగానే కనపడతాయి."

లోపల మంచం కిర్రుమంది. కాసేపటికి పెరటి తలుపు గడియ తీసిన చప్పుడు, చెప్పులు ఈడ్చుకుంటూ పోతున్న చప్పుడు వినిపించాయి. అరుగు మీద అందరూ ఆ చప్పుడు విన్నారు. విననట్టు కూర్చున్నారు.

మూలింటి అక్క తన చేతిలోని పట్టీని విప్పుతూ, చుడుతూ ఉంది. ఆమె చెల్లెలు వేలిముద్రల సిరా డబ్బీ మూత మూసింది. వాసవి నేలను చూస్తూ, మెల్లగా అంది: "ఆ మడతలు చూసినప్పుడే నాకు... అడగలేకపోతిమ్మా. అడిగితే నువ్వు చెప్తావేమోనని." అని అబీదా వైపు తిరిగింది. అబీదత్తా అనబోయింది గానీ ఆ పిలుపు సగంలోనే ఆగిపోయింది.

"ఇంగ ఏం రాయల్ల?" అంది గిడ్డమ్మ చివరికి. ఆమె గొంతులో ఎప్పుడూ ఉండే ఎగతాళి లేదు.

"అబీదా ఏం చెప్తే అది రాస్తా." సుందరలక్ష్మి అరుగు దిగింది. అబీదా కూర్చున్న రాయి పక్కన, వట్టి నేల మీద చతికిలబడింది. సందులో పోయేవాళ్ళు చూస్తున్నారు. పాలబ్బాయి సైకిలు ఆపి చూస్తున్నాడు. చూడనీ అనుకుంది, అనుకున్నా మొహం మండింది. "షాహనా అత్తోళ్ళకు నేనే పోయి చెప్తా. రేపే మైదుకూరు బస్సెక్కుతా. వేణన్నకు ఈ కాగితమే చూపిస్తా. సంఘంలో నుంచి నన్ను తీసెయ్యండి, సరే. నువ్వు మాత్రం ఉండల్ల. పనికి వస్తావా అబీదా?"

అబీదా ఆమెను చూడలేదు. ఒళ్ళో కత్తెర తెరిచింది, మూసింది. మళ్ళీ తెరిచింది. పెద్ద మార్కెట్టు వైపు పోయే తోపుడుబండివాడు కరేపాకు, కొత్తిమీర అని కేకేసుకుంటూ సందు ఆ చివరనుంచి ఈ చివరకు వచ్చాడు, వాళ్ళను దాటాడు, మలుపు తిరిగాడు, వాడి కేక కూడా వినపడకుండా పోయింది. ఖాళీ తీగె మీద కాకి వాలి లేచిపోయింది. సుందరలక్ష్మి మోకాళ్ళు నొప్పి పెట్టాయి. లేవలేదు. ఏ జవాబైనా రావచ్చు. ఆమె మనసు అలవాటుకొద్దీ అన్నిటికన్నా చెడ్డ జవాబు దగ్గరికి పోయి కూర్చోబోయింది. కానీ అంతకన్నా చెడ్డది తాను అప్పుడే చేసేసిందని తెలిసి, అక్కడ కూడా దానికి చోటు దొరకలేదు.

ఎండ గడపరాయి మీదికి జరిగింది. అబీదా కత్తెరను కొంగులో చుట్టి ముడి వేసింది. లేచి నిలబడి, చీర కుచ్చిళ్ళు దులుపుకుంది. పోతుందనుకున్నారు అందరూ. నాలుగడుగులు వేసి, తిరగకుండానే ఆగింది.

"అటక మీదివి దించు," అంది. "ఈ అరుగు మీదనే కుమ్మరించు, అందురూ చూస్తాండగా. నువ్వే కడగల్ల, నువ్వే తునకలు చెయ్యల్ల. నేను ముట్టను. అన్నీ అయినంక పిలువు. అప్పుడు పోతా పాల ప్యాకెట్లకు."